శాండీ తర్వాత న్యూయార్క్-న్యూజెర్సీ పోర్టు: ఛానల్ తెరిచినా పెట్టె ఎందుకు కదల్లేదు

తుఫాను తర్వాత పోర్టు ఎప్పుడు తెరుచుకుందని వెతికితే పేపర్లలో ఒక తేదీ దొరుకుతుంది. సాధారణంగా అది కోస్ట్ గార్డ్ ఓడల్ని ఛానల్‌లోకి రానిచ్చిన తేదీ. లోపల పనిచేసేవాళ్లం ఆ తేదీని పెద్దగా లెక్కలోకి తీసుకోం. ఓడలోంచి దిగిన పెట్టె, అంటే కంటైనర్, యార్డులోంచి లేచి, చాసిస్ (ట్రక్కు వెనక తగిలించే చక్రాల బండి) ఎక్కి, గేటు దాటి రోడ్డు మీద పడిందా లేదా అన్నదే మాకు లెక్క. 2012 అక్టోబరులో హరికేన్ శాండీ న్యూయార్క్-న్యూజెర్సీ పోర్టును ముంచినప్పుడు ఈ రెండింటి మధ్య బాగా ఎడం వచ్చింది. ఆ ఎడం ఎక్కడ పుట్టిందో, దాన్ని తగ్గించడానికి ఏం చేశామో, ఏం చేసి ఉంటే ఇంకా తగ్గేదో వివరంగా రాస్తున్నాను. మన దగ్గర రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట అంటూ కొత్త పోర్టులు కడుతున్న కాలం ఇది. కట్టేటప్పుడు ఒక గదిని పది అడుగులు ఎత్తున పెట్టడం తేలిక, కట్టాక చాలా కష్టం.

నాది విశాఖ. శాండీ నాటికి న్యూఆర్క్ బే ఒడ్డున ఒక కంటైనర్ టెర్మినల్‌లో యార్డ్ ఆపరేషన్స్ చూస్తున్నాను. టెర్మినల్ పేరు రాయడం లేదు, ఇక్కడ చెప్పేవి దాదాపు అన్ని టెర్మినళ్లకూ వర్తిస్తాయి.

ముందు పోర్టు గురించి కొంచెం. అది ఒక్కచోట ఉండేది కాదు. న్యూజెర్సీ వైపు పోర్ట్ న్యూఆర్క్, ఎలిజబెత్, జెర్సీ సిటీ-బేయోన్, న్యూయార్క్ వైపు స్టాటెన్ ఐలండ్‌లో హౌలండ్ హుక్, బ్రూక్లిన్‌లో రెడ్ హుక్, ఇలా చెల్లాచెదురుగా టెర్మినళ్లున్నాయి. అమెరికా తూర్పు తీరంలో అన్నిటికన్నా పెద్దది, 2012లో 55 లక్షల టీఈయూలు పైగా నడిపింది. టీఈయూ అంటే 20 అడుగుల పెట్టె ఒకటి, 40 అడుగులదైతే రెండుగా లెక్క. ఓడ సముద్రం నుంచి ఆంబ్రోస్ ఛానల్ పట్టుకుని, వెరజానో వంతెన కిందుగా లోపలికొచ్చి, కిల్ వాన్ కల్ అనే ఇరుకు పాయలో మలుపులు తిరిగి, బేయోన్ బ్రిడ్జి దాటితే న్యూఆర్క్ బేలో పడుతుంది. అక్కడి నేలంతా ఒకప్పుడు చిత్తడి, మట్టి పోసి పోర్టు చేశారు. పక్కనే ఆర్థర్ కిల్ పాయ పొడుగునా చమురు ట్యాంకులు, ఒక పెద్ద రిఫైనరీ. ఈ చమురు సంగతి గుర్తుంచుకోండి, పోర్టు తిరిగి లేవడంలో దాని పాత్ర మేం ఊహించినదానికన్నా చాలా పెద్దది.

అమెరికాలో హరికేన్ వస్తుందంటే కోస్ట్ గార్డ్ నాలుగు దశలు ప్రకటిస్తుంది. ఈదురుగాలులు 72 గంటల్లో వస్తాయనగా విస్కీ, 48 గంటలకు ఎక్స్‌రే, 24 గంటలకు యాంకీ, 12 గంటలకు జూలూ. మన పోర్టుల్లో ఒకటి నుంచి పదకొండు వరకూ ఎగరేసే ప్రమాద సూచికల్లాంటివే, కాకపోతే వాటిది గంటల లెక్క. జూలూ వచ్చేసరికి పెద్ద ఓడలు సముద్రంలోకి వెళ్లిపోయి ఉండాలి, క్రేన్లను పిన్నులు వేసి నేలకు కట్టేసి ఉండాలి, యార్డులో వదులుగా ఉన్నదేదీ మిగలకూడదు. ఇదంతా జరిగింది. గాలి వరకూ మా తయారీ బాగానే ఉందని ఇప్పటికీ అంటాను.

గాలికీ నీళ్లకూ మధ్య ఒక తగువుంది, యార్డులో పనిచేసినవాళ్లకే ఇది అర్థమవుతుంది. ఖాళీ పెట్టెల్ని ఆరు వరసల ఎత్తు పేర్చి వదిలేస్తే గాలికి పైవి ఎగిరి పడతాయి, కాబట్టి రెండు మూడు వరసలకు దించుతాం. కానీ 40 అడుగుల ఖాళీ పెట్టె బరువు నాలుగు టన్నుల లోపే, దాని అడుగుభాగం ముప్పై చదరపు మీటర్లు. ఒక్కటే నేల మీద ఉంటే అడుగు లోతు నీళ్లు చాలు, తేలిపోతుంది. పైన ఎంత బరువుంటే అంత గట్టిగా నేలకు ఆనుకుని ఉంటుంది. అంటే గాలి కోసం దించితే నీళ్లకు దొరుకుతాయి, నీళ్ల కోసం ఎత్తితే గాలికి దొరుకుతాయి. ఖాళీ పెట్టెల్ని సందులేకుండా పెద్ద దిమ్మలా పేర్చి, చుట్టూ సరుకున్న బరువు పెట్టెల్ని గోడలా పెట్టి, పై వరసల్ని ఒకదానికొకటి బిగించడం నాకు తెలిసిన మంచి పద్ధతి. దానికి టైం పడుతుంది, యార్డులో జాగా కావాలి. 72 గంటల హెచ్చరిక రాగానే మొదలుపెడితేనే కుదురుతుంది.

నీళ్ల దగ్గర అందరి అంచనా తప్పడానికి కారణం అంతకుముందు ఏడాది వచ్చిన ఐరీన్ హరికేన్. 2011 ఆగస్టులో ఐరీన్ వచ్చినప్పుడు మన్‌హట్టన్ కొసన బ్యాటరీ అనే చోట ఉన్న టైడ్ గేజి (సముద్రపు నీటిమట్టం కొలిచే పరికరం) మీద నీళ్లు తొమ్మిదిన్నర అడుగుల దాకా వచ్చాయి, టెర్మినళ్లకు పెద్ద నష్టం లేదు. అక్కడి పాత రికార్డు 1960లో డోనా హరికేన్ నాటిది, దాదాపు 10 అడుగులు. అందుకే బండ్లూ జెనరేటర్లూ పెట్టిన "ఎత్తైన చోటు" ఆ పది అడుగుల లెక్కలోనే ఎత్తైనది. శాండీ అక్టోబరు 29న రాత్రి ఏడున్నర ప్రాంతంలో న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ దగ్గర తీరం దాటింది. ఆ రోజు పౌర్ణమి. బ్యాటరీ దగ్గర సముద్రపు పోటు, తుఫాను ఉప్పెన రెండూ ఒక్క సమయానికే వచ్చి కలిశాయి. రాత్రి తొమ్మిదిన్నర వేళకు గేజి 14 అడుగులు చూపింది. పాత రికార్డు మీద నాలుగు అడుగులు. రేవు గట్టు మీదుగా నీళ్లు యార్డులోకి వచ్చి, నాలుగైదు అడుగుల లోతున నిలిచి, ఆటు మొదలయ్యాక అంతే మౌనంగా వెనక్కి పోయాయి.

పొద్దున లోపలికి వెళ్లినవాళ్లకు మొదట కళ్లబడేది చెత్త, అడ్డదిడ్డంగా పడున్న ఖాళీ పెట్టెలు. ఫోటోలన్నీ వాటివే. చూడ్డానికి భయంగా ఉంటాయి కానీ అది తేలికైన పని, ఒక టాప్ లోడరు (పెట్టెను పైనుంచి పట్టి ఎత్తే బండి), ఒక మంచి డ్రైవరు ఉంటే సర్దుకుపోతుంది. అసలు దెబ్బ ఫోటోల్లో కనపడదు.

రేవు మీది పెద్ద క్రేనే తీసుకోండి. పెట్టెను ఎత్తే మోటార్లు, డ్రైవ్‌లు పైన యంత్రాల గదిలో ఉంటాయి, భూమికి వంద అడుగుల పైన. వాటికి చుక్క నీరు తగల్లేదు. కానీ ఆ క్రేను పట్టాల మీద అటూ ఇటూ నడవాలంటే చక్రాల దగ్గర చిన్న మోటార్లుంటాయి, మోకాలెత్తులో. క్రేనుకు కరెంట్ ఇచ్చే లావుపాటి కేబుల్ రేవు గట్టులోనే ఒక గోతిలోంచి వస్తుంది. ఆ గోతికి కరెంట్ ఇచ్చే సబ్‌స్టేషన్ యార్డులో నేల మట్టంలోనే ఉంటుంది. ఈ మూడూ ఉప్పునీళ్లలో మునిగాయి. పైన కోట్ల విలువైన యంత్రం చెక్కుచెదరకుండా ఉంది, కింద కాళ్లు పనిచేయవు.

ఒక చక్రం మోటారు టెర్మినల్ బాక్సు మూత తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపల నీళ్లు లేవు, ఎప్పుడో కారిపోయాయి. బాక్సు గోడ మీద ఒక అడ్డగీత, దాని కింద అంతా సన్నటి బూడిదరంగు బురద, రాగి లగ్గుల మీద అప్పుడే పచ్చగా చిలుము. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి చూశాడు. మెగ్గర్ అంటే వైండింగ్‌కూ మోటారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చెప్పే పరికరం, మంచి మోటారుకు రీడింగ్ మెగోముల్లో రావాలి. ముల్లు సున్నా మీంచి లేవలేదు. పక్కనున్న సూపర్‌వైజర్ "ఆరిపోయింది కదా, ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్నాడు. ఎలక్ట్రీషియన్ మూత మూసి, చేత్తో పట్టుకుని, "ఇది ఆన్ చేస్తే మనకు మిగిలేది బొగ్గే" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మామూలు నీళ్లు ఆరితే పోతాయి. ఉప్పునీళ్లు ఆరితే ఉప్పు ఉండిపోతుంది, అది గాల్లోని చెమ్మను పీల్చి మళ్లీ కరెంట్‌కు దారిస్తుంది. కాబట్టి మోటారు విప్పాలి, మంచినీళ్లతో ఉప్పు పోయేదాకా కడగాలి, వేడి గదిలో ఆరబెట్టాలి, మళ్లీ మెగ్గర్ పెట్టాలి, రీడింగ్ రాకపోతే మళ్లీ కడగాలి, అప్పటికీ రాకపోతే రీవైండింగ్‌కు పంపాలి. ఒక్కో క్రేనుకు ఇలాంటి మోటార్లు డజన్ల కొద్దీ. మోటార్లు బాగుచేసే షాపులు ఆ చుట్టుపక్కల కొన్నే. ఆ వారం వాటి గుమ్మం ముందు పోర్టుతో పాటు సబ్‌వేవాళ్లు, ఆస్పత్రులవాళ్లు, మురుగు పంపింగ్ స్టేషన్లవాళ్లు, అందరూ నిలబడ్డారు.

స్పేర్లు ఎక్కడున్నాయన్నది ఇక్కడ తేలిపోయింది. చాలాచోట్ల స్పేర్ మోటార్లు స్టోరులో ఉన్నాయి, స్టోరు నేల మట్టంలో ఉంది. పాతదీ కొత్తదీ ఒకేసారి మునిగాయి. స్పేర్‌ను రెండో అంతస్తులో పెట్టాలన్న చిన్న విషయానికి ఇంత బరువుందని అప్పుడే అందరికీ తెలిసొచ్చింది.

నీళ్ల వైపు పని ఇంతకన్నా చాలా చురుగ్గా సాగింది, ఆ మెప్పు కోస్ట్ గార్డ్‌కూ వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లకూ చెందాలి. ఛానల్ అడుగున ఏం పడిందో తెలియకుండా 40 అడుగులు పైగా లోతు నీళ్లు కావలసిన ఓడను పంపకూడదు. ఒక పెట్టె మునిగి పడుందనుకోండి, ఓడ అడుగు చీలిపోతుంది, పోర్టు మళ్లీ నెల రోజులు మూత. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ వాళ్ల సర్వే ఓడ థామస్ జెఫర్సన్, వాళ్ల చిన్న సర్వే పడవలు, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ పడవలు సోనార్‌తో ఛానళ్లను జల్లెడ పట్టాయి. చోటు తప్పిన బోయాలను, అంటే ఓడలకు దారి చూపే తేలే గుర్తులను, మళ్లీ చోటికి చేర్చారు. దీన్నంతా కలిపి నడిపింది ఎంటీఎస్‌ఆర్‌యూ అనే చిన్న బృందం, పూర్తి పేరు మెరైన్ ట్రాన్స్‌పోర్టేషన్ సిస్టమ్ రికవరీ యూనిట్. 2005లో కత్రినా హరికేన్ తర్వాత కోస్ట్ గార్డ్ పెట్టుకున్న ఏర్పాటది. కోస్ట్ గార్డ్, పోర్ట్ అథారిటీ, ఓడలకు దారి చూపే పైలట్లు, టగ్గులవాళ్లు, టెర్మినళ్లు, చమురు కంపెనీలు ఒకే ఫోన్ కాల్ మీదికి వచ్చి, ఈ రోజు ఏ పాయ సర్వే అవుతుంది, రేపు ఏ ఓడ ముందు రావాలి అని తేల్చుకునేవాళ్లు. ఆ కాల్‌లో నాకు నచ్చిందేమిటంటే, ఎవరూ తమను తాము పరిచయం చేసుకోవలసిన అవసరం రాలేదు. ఏళ్ల తరబడి హార్బర్ సేఫ్టీ మీటింగుల్లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు. "నీ బెర్త్‌లో నిజంగా కరెంట్ ఉందా, ఉందని అంటున్నావా?" అని మొహమాటం లేకుండా అడగగలిగారు. కొత్తవాళ్ల మధ్య ఆ ప్రశ్న రాదు, వచ్చినా నిజం జవాబు రాదు.

ముందు ఎవర్ని రానివ్వాలన్న దానికి జవాబు చమురు. కంటైనర్ల మనిషిని కాబట్టి మొదట్లో నాకు ఇది మింగుడుపడలేదు, రెండు రోజుల్లో ఎందుకో అర్థమైంది. తుఫాను దెబ్బకు రాష్ట్రాలన్నీ కలిపి 85 లక్షల ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంట్ పోయింది. బేవే రిఫైనరీలోకి ఉప్పునీళ్లు వెళ్లి అది కొన్ని వారాలు మూతపడింది. సువారెన్‌లో ఒక చమురు టెర్మినల్ ట్యాంకు దెబ్బతిని 3 లక్షల గాలన్లకు పైగా డీజిల్ ఆర్థర్ కిల్‌లోకి పోయింది, ఆ పాయలో శుభ్రం చేసే పనికీ ఓడలు నడిపే పనికీ మళ్లీ పేచీ. ట్యాంకుల్లో నూనె ఉన్నచోట పంపు చేయడానికి కరెంట్ లేదు, కరెంట్ ఉన్న బంకులో నూనె లేదు. నవంబరు 2న అమెరికా ఇంధన సమాచార సంస్థ చేసిన సర్వేలో న్యూయార్క్ పరిసరాల్లో మూడింట రెండొంతుల బంకుల్లో పెట్రోల్ అమ్మకానికి లేదని తేలింది. అమెరికా రేవుల మధ్య సరుకు అమెరికా ఓడల్లోనే వెళ్లాలనేది జోన్స్ చట్టం; అదే రోజు కేంద్ర ప్రభుత్వం దాని నుంచి తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది, అంటే గల్ఫ్ తీరం నుంచి విదేశీ జెండా ట్యాంకర్లు కూడా ఇక్కడికి ఇంధనం తేవచ్చు. నవంబరు 3 నుంచి న్యూజెర్సీలో 12 కౌంటీల్లో బండి నంబరు సరి బేసి చూసి పెట్రోల్ పోశారు.

ఇక మనుషులు. కంటైనర్ ఓడలు నవంబరు 4, 5 తేదీల నుంచి టెర్మినళ్లకు రావడం మొదలైంది. ఒక ఓడను ఖాళీ చేయాలంటే క్రేను ఆపరేటర్లు, లాషింగ్ వాళ్లు (ఓడ మీద పెట్టెల్ని కట్టేవాళ్లు, విప్పేవాళ్లు), యార్డు డ్రైవర్లు, చెకర్లు, గేటు క్లర్కులు, మెకానిక్కులు, అందరూ ఒకేసారి ఉండాలి. ఒక గ్యాంగులో ఇద్దరు తగ్గితే గ్యాంగు నడవదు. వీళ్లలో చాలామంది స్టాటెన్ ఐలండ్, బేయోన్, జెర్సీ తీరపు ఊళ్లవాళ్లు. వాళ్ల ఇళ్లే మునిగాయి. ఇల్లు బాగున్నవాడి బండిలో పెట్రోల్ లేదు. ఎడిసన్‌లో ఉండే మా తెలుగు మిత్రుడొకడు, మాకు ట్రక్కులు పంపే చిన్న కంపెనీలో డిస్పాచరు, పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, నా డ్రైవర్లలో సగం మంది పెట్రోల్ క్యూలో ఉన్నారు, మీరు గేటు తెరిచినా నేను పంపేదెవర్ని?" అన్నాడు. అతనితో ఏం అనాలో తోచలేదు. అతని ట్రక్కుల్లో డీజిల్ ఉంది, ఆ ట్రక్కు దాకా రావడానికి డ్రైవరు సొంత కారులో పెట్రోల్ లేదు.

ఇది ఏ పోర్టు ప్లాన్‌లోనూ ఉండదు. క్రేనుకు, జెనరేటరుకు, టగ్గుకు ఇంధనం లెక్కేస్తాం, పనికొచ్చే మనిషి కారుకు లెక్కేయం. కొన్ని టెర్మినళ్లు ట్యాంకరు తెప్పించి సొంత మనుషులకు గేటు దగ్గరే పెట్రోల్ పోయించాయి, కొన్ని బస్సులు పెట్టాయి. అలా చేసినచోట గ్యాంగులు ముందే నిండాయి. 2005లో కత్రినా తర్వాత న్యూ ఓర్లీన్స్‌లో ఇంకో మెట్టు పైకెళ్లారు. ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది, కార్మికుడికి రావడానికి ఇల్లే లేదు. అప్పుడు ప్రభుత్వ రిజర్వ్ ఓడల్ని తెచ్చి రేవుకు కట్టి, పోర్టు కార్మికుల్ని వాటిలో ఉంచారు. ఆగస్టు 29న తుఫాను, సెప్టెంబరు 13న మొదటి కంటైనర్ ఓడ. ఊళ్లో ఇంకా నీళ్లుండగా అది సాధ్యమైందంటే, మనుషులకు పడుకునే చోటు దొరకడం అందులో పెద్ద వాటా.

నవంబరు 7న మళ్లీ ఒక నారీస్టర్, అంటే ఈశాన్యపు గాలివాన, దానితో పాటు మంచు. అప్పుడప్పుడే వెలిగిన దీపాలు కొన్నిచోట్ల మళ్లీ ఆరాయి. గాలి ఒక వేగం దాటితే క్రేన్లు ఆపేయాలి, ఆపాం.

యార్డు లోపల టైం తిన్న ఇంకో పని గురించి చెప్పాలి, ఎందుకంటే బయట దీని గురించి ఎవరూ మాట్లాడరు. టెర్మినల్‌లో ప్రతి పెట్టె ఏ బ్లాకులో ఏ వరసలో ఏ అంతస్తులో ఉందో కంప్యూటర్‌కు తెలుసు. నీళ్లు పెట్టెల్ని కదిపాక కంప్యూటర్‌లో ఉన్న యార్డు వేరు, కళ్ల ముందున్న యార్డు వేరు. ట్రక్కు డ్రైవరు వచ్చి నంబరు చెబితే అక్కడ ఇంకో పెట్టె ఉంటుంది. దాన్ని వెతకడానికి పది పెట్టెలు కదపాలి. కాబట్టి గేటు తెరవకముందే మనుషులు జతలు జతలుగా బ్లాకు బ్లాకు తిరిగి, పెట్టె నంబరు చదివి, కాగితం మీద రాసి, తర్వాత సిస్టమ్‌లో ఎక్కించారు. "గేటు తెరవండి" అని పై నుంచి ఒత్తిడి ఉన్నప్పుడు ఈ పనిని వాయిదా వేయాలనిపిస్తుంది. వాయిదా వేసినచోట గేటు బయట ట్రక్కుల లైను హైవే దాకా వెళ్లింది. లెక్క తేల్చుకున్నాకే తెరవడం మంచిదని గట్టిగా చెబుతాను.

రీఫర్ పెట్టెలది వేరే కథ. చల్లగా ఉంచాల్సిన సరుకున్న ఈ పెట్టెలకు ప్లగ్గులు యార్డులోనే, అవీ మునిగాయి. ఉన్న కొద్ది జెనరేటర్లు దేనికివ్వాలన్నది గంటల్లో తేల్చాలి. గడ్డకట్టిన మాంసం తలుపు తీయకుండా ఉంచితే ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది. పళ్లు, కూరగాయలు అంత ఆగవు. మందులైతే అసలు ఆగవు, వాటికే ముందు. లోపలికి వరదనీళ్లు వెళ్లిన తిండి సరుకు ఏదైనా సరే పనికిరాదు, దానికి కరెంట్ ఇవ్వడం వృథా. ఈ వరస ముందే కాగితం మీద రాసి ఉంటే ఆ రాత్రి వాదనలు ఉండవు.

కార్ల గురించి చాలామంది విన్నారు. పోర్ట్ న్యూఆర్క్‌లో దిగి నిలిపి ఉంచిన కొత్త కార్లు వేలల్లో మునిగాయి. ఫిస్కర్ కర్మా అనే ఖరీదైన హైబ్రిడ్ కార్లు మూడొందల పైచిలుకు మునిగితే వాటిలో 16 తగలబడ్డాయి. ఉప్పునీళ్లు ఎలక్ట్రానిక్స్‌లోకి వెళ్లి షార్ట్ అయ్యాయి. ఇవాళ మన పోర్టుల్లో ఎలక్ట్రిక్ బండ్లు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. ఉప్పెన నీళ్లలో తడిసిన ఎలక్ట్రిక్ బండిని మిగతా వాటికి దూరంగా జరపడం ప్లాన్‌లో మొదటి పేజీలో ఉండాలి.

చాసిస్ సంగతి టూకీగా. నీళ్లలో ఉన్న చాసిస్‌కు చక్రం బేరింగులు, బ్రేకులు, లైట్ల వైర్లు అన్నీ చూడనిదే రోడ్డెక్కించకూడదు. చూసే మెకానిక్కులు కొద్దిమంది. క్రేను తిరిగాక, గ్యాంగు వచ్చాక, గేటు తెరిచాక కూడా కొన్ని రోజులు పెట్టెలు చాసిస్ కోసం ఆగాయి.

ఇవన్నీ జరిగేలోగా ఓడలు వేరే రేవులకు వెళ్లిపోయాయి. 57 ఓడలు దారి మళ్లాయి, వాటితో 15,000 పైగా కంటైనర్లు, 9,000 కార్లు. నార్ఫోక్, బాల్టిమోర్, హాలిఫాక్స్ లాంటి చోట్ల దింపారు. అక్కడ డబ్బు తగాదా మొదలైంది. ఓడ కంపెనీ దైవఘటన నిబంధన చూపించి "నీ సరుకు నార్ఫోక్‌లో ఉంది, తెచ్చుకో" అంటుంది. న్యూజెర్సీలో గోదాము ఉన్న చిన్న దిగుమతిదారుకు అది వందల మైళ్ల ట్రక్కు కిరాయి. మా వైపు మూతపడిన రోజులకు నిల్వ ఛార్జీలు వేయకూడదని అడిగేవాళ్లు కొందరు, ఖాళీ పెట్టె తిరిగివ్వడానికి గేటే లేనప్పుడు ఆలస్య రుసుము ఎలా వేస్తారని అడిగేవాళ్లు కొందరు. వాళ్ల మాట న్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఇలాంటి ఫిర్యాదులు అనేక ఏళ్లు పోగుపడ్డాక 2020లో ఓడ రవాణాను పర్యవేక్షించే అమెరికా సంస్థ ఫెడరల్ మారిటైమ్ కమిషన్ ఒక నియమం తెచ్చింది. ఛార్జీ ఉద్దేశం సరుకు త్వరగా కదిలించడం కాబట్టి, సరుకు కదలడానికి వీల్లేని రోజుకు ఛార్జీ వేయడం సబబేనా అని చూడాలన్నది దాని సారం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు నేను న్యూజెర్సీలోనే ఉన్నాను, ఇంటికి ఫోన్ కలవలేదు. తర్వాత మా వాళ్లు చెప్పిన మాటలు విన్నాక శాండీ వారమే మళ్లీ విన్నట్టనిపించింది. మన దగ్గర దెబ్బ ఎక్కువగా గాలిది. కరెంట్ టవర్లు ఒరిగిపోయాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, బంకుల ముందు క్యూలు, పాలకూ నీళ్లకూ క్యూలు. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ ఆగిపోయాయి. అంటే పోర్టుకు సరుకు ఇచ్చేవాళ్లు, పోర్టు నుంచి సరుకు తీసుకునేవాళ్లు ఇద్దరూ చీకట్లో ఉన్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఇన్నర్ హార్బర్‌కు కొంత రక్షణ ఉంది, కరెంట్ లైనుకూ సిబ్బంది ఇళ్లకూ ఆ రక్షణ లేదు. ఊరు లేవకుండా పోర్టు ఒక్కటీ లేవదు.

2017 సెప్టెంబరు 20న హరికేన్ మరియా అమెరికా కిందున్న ప్యూర్టోరికో ద్వీపాన్ని తుడిచిపెట్టినప్పుడు ఇదే కేసు ఇంకా ఘోరంగా నడిచింది. అక్కడి శాన్ హువాన్ పోర్టును మూడు రోజుల్లో తెరిచారు. ఓడలు వచ్చాయి, పెట్టెలు దిగాయి. తిండి, నీళ్లు, మందులు ఉన్న వేల పెట్టెలు టెర్మినళ్లలో పేరుకుపోయాయి, బయట రోడ్లు తెగి, డీజిల్ లేక, డ్రైవర్లకు ఫోన్ కూడా కలవక. ఆ రోజుల్లో టీవీల్లో చర్చంతా జోన్స్ చట్టం సడలింపు మీద. సడలిస్తే ఇంకో ఓడ వచ్చి ఆ పెట్టెల పక్కన ఇంకొన్ని పెట్టెలు దింపుతుంది. ఆకలితో ఉన్నవాడికి అరవై కిలోమీటర్ల దూరంలో అన్నం ఉండి అందలేదు, ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇప్పుడు ఏ పోర్టు తుఫాను ప్లాన్ నా చేతికొచ్చినా నేను ముందు చూసేది సబ్‌స్టేషన్ నేల ఎత్తు. సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్లు, ఆ తీరంలో వచ్చిన అతి పెద్ద ఉప్పెనకు పౌర్ణమి పోటు కలిపితే ఎంత, ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉన్నాయా అని. దివిసీమలో 1977 ఉప్పెన ఎంత లోపలికి వచ్చిందో తెలిసిన మనం, నిరుటి తుఫానును కొలమానంగా పెట్టుకోకూడదు. తర్వాత క్రేను చక్రాల మోటార్లు విప్పి పైకి తీసుకెళ్లడానికి వీలుందా, లేకపోతే కనీసం స్పేర్లు, డ్రైవ్ కార్డులు పై అంతస్తులో ఉన్నాయా. జెనరేటరు ఎత్తున ఉండి దాని డీజిల్ పంపు కింద ఉంటే ఆ జెనరేటరు లేనట్టే. మోటార్లు కడిగి ఆరబెట్టే షాపుతో ముందే ఒప్పందం ఉందా, అదీ ఉప్పెన తగలని ఊళ్లో ఉన్న షాపుతో. మన దగ్గరైతే విశాఖకు హైదరాబాద్, మచిలీపట్నానికి విజయవాడ అనుకోవచ్చు.

ఇవి చూశాక హెచ్‌ఆర్ వాళ్ల దగ్గరికి వెళ్లి సిబ్బంది ఏ ఏ కాలనీల్లో ఉంటారో మ్యాపు అడుగుతాను. దాని మీద ముంపు ప్రాంతాలు గీస్తే ఎంతమంది మొదటి రోజు రాగలరో ఒక అంచనా వస్తుంది. పర్మినెంట్ ఉద్యోగుల వివరాలు ఉంటాయి, కాంట్రాక్టు లాషింగ్ కూలీలవి, లారీ డ్రైవర్లవి ఎక్కడా ఉండవు, పెట్టె కదలాలంటే ముందు రావలసింది వాళ్లే. వాళ్ల ఫోన్ నంబర్లు, వాళ్లను తెచ్చే బస్సు, వాళ్ల కుటుంబం రెండు రోజులు ఉండటానికి పోర్టు స్కూల్లోనో కల్యాణ మండపంలోనో చోటు, వాళ్ల బండికి అయిదు లీటర్ల పెట్రోల్. క్రేను ఒక గంట ఆగితే అయ్యే నష్టంతో పోలిస్తే ఈ ఖర్చు చాలా చిన్నది. ప్లాన్‌లో ఆ పద్దు కనపడకపోతే నేను దాన్ని రాయించాకే సంతకం పెడుతున్నాను.